కంప్యూటర్ గదికి ఓవర్‌క్లాక్ సెట్లు వద్దు: 2600కె ప్రతిపాదనకు నా జవాబు



వచ్చే ఆదివారం సమావేశంలో మన హాలు మేడ మీది కంప్యూటర్ గది విషయం ఓటుకు వస్తోంది. రెండు వారాలుగా దాని మీద లొల్లి నడుస్తోంది. ఎవరికి వాళ్లు రెండు ముక్కలు రాసి వదిలేస్తున్నారు. నేను నా మాటంతా ఒక్కచోట పెడుతున్నా. పోస్టు పొడుగే. చాయ్ పక్కన పెట్టుకుని చదవండి, చదివాక తిట్టండి.

ముందు ప్రతిపాదన ఏమిటో తెలియనివాళ్ల కోసం. యువజన విభాగం తమ్ముడు ఒకతను ఎనిమిది సెకండ్ హ్యాండ్ సెట్లు చూసి వచ్చాడు. అన్నింట్లో ఇంటెల్ కోర్ ఐ7 2600కె. అది 2011 జనవరిలో వచ్చిన ప్రాసెసర్. కంపెనీ దానికి ఇచ్చిన వేగం 3.4 గిగాహెర్ట్జ్. తమ్ముడు వాటిని 4.5 గిగాహెర్ట్జ్‌కి ఓవర్‌క్లాక్ చేసి ఇస్తానంటున్నాడు. అవే పైసలకు కొత్త ఐ3-12100 సెట్లు కొంటే అయిదే వస్తాయి. ఆ చిప్ 2022 జనవరిది, డబ్బా మీద రాసిన వేగం 3.3. దాంతో తమ్ముడి వాదన మూడు ముక్కల్లో తేలిపోయింది. 3.3 కంటే 4.5 పెద్దది. ఐ3 కంటే ఐ7 పెద్దది. అయిదు కంటే ఎనిమిది పెద్దది.

ఈ మూడింట్లో మొదటి రెండూ తప్పు. మూడోది నిజం. దానికి చివర్లో జవాబు చెబుతా, తప్పించుకోను.

నా పక్షం ఇప్పుడే చెప్పేస్తున్నా. ఓవర్‌క్లాకింగ్ మంచి హాబీ. సొంత పైసలతో, సొంత గదిలో ఎవరైనా చేసుకోవచ్చు, చూసి నేనూ మెచ్చుకుంటా. కానీ పదిమంది చందాలతో నడిచే గదిలో, ఫీజు కట్టి బయట నేర్చుకోలేని పిల్లలు కూర్చునే కుర్చీ ముందు అది పెట్టే వస్తువు కాదు.

గిగాహెర్ట్జ్ అంటే గుడ్డ కాదు, పిక్కులే

మనలో సగంమంది సాంచాల మీద పెరిగినవాళ్లం. ఆ భాషలోనే చెబుతా.

సాంచా నిమిషానికి ఎన్ని పిక్కులు వేస్తుందో అది దాని వేగం. సాయంత్రానికి ఎన్ని టవళ్లు దిగాయో అది దాని పని. ఈ రెండూ ఒకటేనా? ఒక సాంచా వెడల్పులో ఒక్క టవలే నేస్తుంది. పక్కనున్న వెడల్పు సాంచా అదే పిక్కులో రెండు టవళ్లు పక్కపక్కన నేస్తుంది. మొదటిదాని పుల్లీ మార్చి పిక్కులు మూడోవంతు పెంచినా సాయంత్రం లెక్కలో అది రెండోదాన్ని అందుకోదు. ఈ ముచ్చట మన కార్ఖానాలో చెబితే చిన్న పిల్లాడికీ అర్థమవుతుంది. కంప్యూటర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం మనం పిక్కులు లెక్కబెట్టి చప్పట్లు కొడుతున్నాం.

గిగాహెర్ట్జ్ అంటే ఆ పిక్కులే. సెకనుకు ఎన్ని వందల కోట్ల టిక్కులు అన్నది మాత్రమే. ఒక్కో టిక్కులో ప్రాసెసర్ ఎంత పని చేస్తుందన్నది దాని లోపలి నిర్మాణం మీద ఉంటుంది. 2600కె లోపలి డిజైన్ పేరు శాండీ బ్రిడ్జ్. అది ఒక టిక్కులో నాలుగు ఆదేశాలను లోపలికి తీసుకోగలదు. ఏది ముందు చేయాలో చూసుకోవడానికి 168 ఆదేశాలను వరుసలో పెట్టుకోగలదు. 12100 లోపల ఉన్న గోల్డెన్ కోవ్ డిజైన్ టిక్కుకు ఆరు తీసుకుంటుంది, 512 వరుసలో పెట్టుకుంటుంది. పైగా దాని క్యాష్ వేరు, మెమరీ వేరు. ఇది పుల్లీ తేడా కాదు, సాంచా వెడల్పు తేడా.

ఇక డబ్బా మీది 3.3 సంగతి. అది కనీస హామీ. ఆ చిప్ ఎవరూ చెయ్యి పెట్టకుండానే, స్టాక్‌లోనే, అవసరమైనప్పుడు 4.3 దాకా తనంతట తాను వెళ్తుంది. అంటే తమ్ముడు వీడియోలో చూపించిన పోటీ 4.5కీ 3.3కీ మధ్య కాదు. టిక్కుల్లో దాదాపు సమానం, టిక్కుకు చేసే పనిలో కొత్తది చాలా ముందు. ఒక్క కోర్ మీద నడిచే పనిలో స్టాక్ 12100, 4.5 దగ్గరున్న 2600కెని ఒకటిన్నర రెట్లకు మించి దాటేస్తుంది. అన్ని కోర్లూ పనిచేసినా కొత్తదే ముందు.

ఐ7 పెద్దది, ఐ3 చిన్నది అన్నవాళ్లకు ఒక్క మాట. 2011 ఐ7లో నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. 2022 ఐ3లోనూ నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లే. ఆ అంకె ఆ ఏడాది బడిలో ఏ బెంచీలో కూర్చున్నాడో చెబుతుంది. పదకొండేళ్ల తేడా ఉన్న ఇద్దరిని బెంచీ నంబరు చూసి పోల్చరు.

ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు. 2004లో ఇంటెల్ పెంటియమ్ 4ని 3.8 గిగాహెర్ట్జ్ దాకా లాక్కొచ్చింది. 4 గిగాహెర్ట్జ్ చిప్ తెస్తామని చెప్పి, ఆ ఏడాదే దాన్ని రద్దు చేసుకుంది. రెండేళ్లు తిరిగేసరికి అదే కంపెనీ 2.4 గిగాహెర్ట్జ్ కోర్ 2 డుయో తెచ్చి తన 3.8ని తానే ఓడించింది. మళ్లీ 2011లో ఏఎమ్‌డీ ఎఫ్‌ఎక్స్-8150 చిప్‌ను ద్రవ హీలియంతో చల్లబరిచి 8.4 గిగాహెర్ట్జ్ దాటించి గిన్నిస్ రికార్డు కొట్టారు. ఆ చిప్ దుకాణాల్లోకి వచ్చాక రోజువారీ పనుల్లో చాలావాటిలో అంతకంటే తక్కువ గిగాహెర్ట్జ్ ఉన్న ఐ5-2500కె చేతిలో ఓడిపోయింది. రికార్డు గోడ మీద ఉండిపోయింది, జనం కొన్నది రెండోదాన్ని.

ఈ నమ్మకం ఎక్కడినుంచి వచ్చింది

తమ్ముడు అబద్ధం చెబుతున్నాడని నేను అనడం లేదు. అతని నమ్మకానికి చరిత్ర ఉంది. ఒకప్పుడు అది నూటికి నూరుపాళ్లు నిజం.

1998లో సెలెరాన్ 300ఏ వచ్చింది. 66 మెగాహెర్ట్జ్ బస్సు మీద 4.5 గుణకంతో 300 మెగాహెర్ట్జ్. బస్సును 100కి మారిస్తే అదే గుణకంతో 450. చాలా చిప్పులు ఆ మార్పును కిక్కురుమనకుండా భరించాయి. చిప్ లోపలే పూర్తి వేగంతో నడిచే 128 కేబీ క్యాష్ ఉండటంతో, ఎంతో ఖరీదైన పెంటియమ్ 2 450 పక్కన నిలబడింది. 2007లో వచ్చిన కోర్ 2 క్వాడ్ క్యూ6600 కూడా అంతే. 266 బస్సును 333 చేస్తే 2.4 కాస్తా 3.0 అయ్యేది. ఇక 2600కె దగ్గరికొస్తే బస్సుతో పనే లేదు. గుణకం 34ని 45 చేస్తే 4.5 గిగాహెర్ట్జ్.

ఆ రోజుల్లో అది తెలివైన బేరం. ఎందుకంటే కంపెనీలు చిప్‌లో చాలా జాగా ఖాళీగా వదిలి అమ్మేవి. పైగా 2011 నుంచి 2017 దాకా ఇంటెల్ మామూలు డెస్క్‌టాప్‌లలో నాలుగు కోర్లు దాటలేదు, ఏడాదికేడాది మెరుగుదల కొద్దికొద్దిగానే ఉండేది. ఆ ఆరేళ్లలో ఓవర్‌క్లాక్ చేసిన 2600కె ఉన్నవాడు కొత్తది కొనకపోవడం న్యాయమే. ఆ కాలంలో కంప్యూటర్ నేర్చుకున్న కుర్రాళ్లకు ఈ చిప్ మీద ప్రేమ ఉండటంలో వింత లేదు.

కానీ 2017 మార్చిలో ఏఎమ్‌డీ రైజెన్ ఎనిమిది కోర్లతో దిగింది. అదే ఏడాది అక్టోబరుకు ఇంటెల్ మామూలు డెస్క్‌టాప్‌లో ఆరు కోర్లు ఇచ్చింది. అక్కడినుంచి పందెం మళ్లీ మొదలైంది. ఇంకో మార్పు కూడా జరిగింది. పూర్వం ఖాళీగా వదిలిన జాగాను ఇప్పుడు కంపెనీలే టర్బో పేరుతో వాడేస్తున్నాయి. వేడి, కరెంటు, వోల్టేజీ క్షణక్షణం కొలుచుకుంటూ చిప్పే తన వేగం పెంచుకుంటోంది. అంటే నేటి స్టాక్ చిప్‌లో ఓవర్‌క్లాక్ చేసేవాడు లోపలే కూర్చుని ఉన్నాడు, పైగా జీతం అడగడు. తమ్ముడి పోలికలో పాతదానికి మనిషి సాయం ఉంది, కొత్తదానికి డబ్బా మీది కనీస అంకె ఉంది. పోటీ గీతే వంకరగా గీస్తే గెలుపెవరిదో ముందే తెలుస్తుంది.

వేడి, కరెంటు, మన ఊరి మే నెల

చిప్ తినే కరెంటు లెక్క సులువు. వేగం పెరిగిన నిష్పత్తిలో పెరుగుతుంది, దాన్ని మళ్లీ వోల్టేజీ పెరిగిన నిష్పత్తి వర్గంతో గుణించాలి. 3.4ని 4.5 చేస్తే 1.32 రెట్లు. దానికోసం వోల్టేజీని 1.2 నుంచి 1.35కి పెంచారనుకోండి, ఆ వర్గం 1.27 రెట్లు. రెండూ గుణిస్తే దాదాపు 1.67. కంపెనీ 95 వాట్లు అని రాసిన చిప్ లెక్క ప్రకారం 159 వాట్ల దగ్గరికి వెళ్తుంది. మూడోవంతు వేగం కోసం మూడింట రెండొంతుల అదనపు కరెంటు. 12100కి కంపెనీ రాసింది మామూలుగా 60 వాట్లు, టర్బోలో గరిష్ఠంగా 89.

తేడా 70 వాట్లు. ఎనిమిది సెట్లకు 560 వాట్లు. రోజుకు ఆరు గంటలు, నెలకు పాతిక రోజులు పూర్తి లోడ్ మీద నడిస్తే 84 యూనిట్లు. అన్ని వేళలా పూర్తి లోడ్ ఉండదు, నిజమే. సగం వేసుకోండి, సగమైనా నెలనెలా సంఘం గల్లాలోంచే పోతుంది. ఇంకో సంగతి. ఓవర్‌క్లాక్ కుదిరే పీ67 బోర్డుల్లో తెర తగిలించడానికి జాగా ఉండదు. తమ్ముడు చూసినవాటిలో కొన్ని అవే. వాటికి వేరే గ్రాఫిక్స్ కార్డు పెట్టాలి, అదీ కరెంటు తింటుంది.

ఆ 560 వాట్లు ఎక్కడికి పోతాయి? వేడిగా మారి గదిలోనే ఉంటాయి. మేడ మీద గది, పైన ఎండ పడే స్లాబు, ఏసీ లేదు. సోలాపూర్ మే నెల గురించి నేను మీకు చెప్పనక్కర్లేదు. ఓవర్‌క్లాక్ నిలకడ చల్లదనం మీద నిలబడుతుంది. డిసెంబరు రాత్రి ఇంట్లో ఫ్యాను కింద నాలుగు గంటలు పరీక్ష పాసైన సెట్టింగు, నలభై దాటిన మధ్యాహ్నం అదే పరీక్ష పాసవుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

దీనికి తోడు మన పేటల గాలి. పక్క ఇంట్లో సాంచాలు నడుస్తుంటే గాలిలో దూది నుసి ఉంటుంది. ఆరునెలల్లో కూలర్ రెక్కల మధ్య దుప్పటి నేసినట్టు పేరుకుంటుంది. స్టాక్ చిప్ అలాంటప్పుడు తానే వేగం తగ్గించుకుని పని సాగిస్తుంది. అంచు మీద నడుస్తున్న పాత చిప్‌కి తగ్గడానికి జాగా తక్కువ. మా బంధువుల కార్ఖానాలో జకార్డు డిజైన్లు గీసే కంప్యూటర్ ఇలాంటిదే ఉండేది. చలికాలమంతా బంగారం. ఎండలు ముదిరాక రోజుకు రెండుసార్లు దానంతట అదే ఆగి మొదలయ్యేది. సగం గీసిన చద్దరు డిజైన్ పోయినప్పుడల్లా డిజైనర్ కుర్రాడి ముఖం చూడాలి. దాని వేగాన్ని కంపెనీ అంకెకు దింపాక ఆ రోగం పోయింది.

ఆగిపోతే అదృష్టం, ఆగకపోతేనే భయం

ఓవర్‌క్లాక్ మితిమీరితే కంప్యూటర్ ఆగిపోతుంది, అప్పుడు కాస్త తగ్గిస్తాం, అంతే కదా అంటున్నారు. అంతే అయితే నాకు ఇంత బాధ లేదు. ఆగకుండానే తప్పు లెక్క చేయడం కూడా ఉంది. కూడికలో ఒక్క బిట్ తారుమారవుతుంది. కంప్యూటర్ నడుస్తూనే ఉంటుంది, తెర మీద ఏ హెచ్చరికా రాదు, ఫైల్ సేవ్ అవుతుంది. ఆ ఫైల్ మూడేళ్ల తర్వాత తెరిస్తే తెరుచుకోదు. ఓవర్‌క్లాకర్లు ప్రైమ్95 అనే ప్రోగ్రామ్ గంటల తరబడి నడిపేది దీనికోసమే. అది పెద్ద పెద్ద లెక్కలు చేయించి జవాబు సరిపోయిందో లేదో చూస్తుంది. అంటే చిప్ నడుస్తూనే తప్పు చెప్పగలదని వాళ్లకూ తెలుసు.

మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2011లో దాదాపు పది లక్షల మామూలు కంప్యూటర్ల క్రాష్ రిపోర్టులు తీసుకుని చూశారు. ఓవర్‌క్లాక్ చేసినవాటిలో ప్రాసెసర్ వల్ల క్రాష్ అయ్యే అవకాశం మిగతావాటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ అని తేలింది. కంపెనీ వేగం కంటే తగ్గించి నడుపుతున్నవి ఇంకా నిలకడగా ఉన్నాయని కూడా తేలింది.

ఇప్పుడు ఆ గదిలో మనం చేయబోయే పని గుర్తు చేసుకోండి. పొద్దున పిల్లలకు ఎమ్‌ఎస్-సీఐటీ సాధన, స్కాలర్‌షిప్ ఫారాలు. సాయంత్రం మన సంఘం పాత మినిట్సు పుస్తకాలు, తాతల కాలం పెళ్లి పత్రికలు, తెలుగు బడి రిజిస్టర్లు స్కాన్ చేసి భద్రపరచడం. కాగితాలు చెదలు పట్టి పొడి రాలుతున్నాయి. కొన్నింటిని రెండోసారి స్కాన్ చేయడం కుదరదు, ఒక్కసారి పుటలు తిప్పేసరికే చిరుగుతాయి. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గం పనికి ఇక్కడికి వచ్చిన మనవాళ్ల ఆనవాళ్లు మనకు మిగిలింది వాటిలోనే. ఆ పనిని అంచు మీద నడిచే చిప్‌కి అప్పగిద్దామా?

వేగం ఒక్కటే కాదు, చేతనవడం కూడా

పాత చిప్‌ని ఎంత తోలినా దానికి లేని పనిముట్లు రావు. మూడు చెబుతా.

ఒకటి, వీడియో. నేటి ఆన్‌లైన్ పాఠాలు ఎక్కువగా వీపీ9, ఏవీ1 పద్ధతుల్లో వస్తాయి. 12100లోని గ్రాఫిక్స్‌లో రెండింటినీ విప్పే ప్రత్యేక భాగం ఉంది. 2600కెలో లేదు. అది కోర్ల మీద పడి విప్పాలి. పాఠం చూస్తున్నంతసేపూ ఫ్యాను మోత, గదిలో వేడి.

రెండు, స్కాన్ చేసిన తెలుగు పుటను అక్షరాలుగా మార్చే పని. దానికి ఉచితంగా దొరికే టెసరాక్ట్ తెలుగు కూడా చదువుతుంది. ఏవీఎక్స్2 అనే ఆదేశాలు ఉన్న చిప్ మీద అది వేగంగా నడుస్తుంది. ఆ ఆదేశాలు ఇంటెల్ చిప్పుల్లోకి 2013లో వచ్చాయి. 2011 చిప్‌లో లేవు, గుణకం ఎంత పెంచినా రావు.

మూడు, విండోస్. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అధికారిక అనుమతి. 2600కె రెండో తరం. దొడ్డిదారిన వేయొచ్చంటారు. పిల్లల ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు టైపు చేసే కంప్యూటర్‌లో దొడ్డిదారులు నాకు ఇష్టం లేదు. లైనక్స్ వేద్దామంటే సంతోషంగా ఒప్పుకుంటా, మంచి దారి. కానీ లైనక్స్ వేసినా పై రెండు లోటులూ తీరవు.

ఎదురు వాదనలకు

"స్టాక్ అంటే భద్రమా? 13, 14 తరం ఇంటెల్ చిప్పులు స్టాక్‌లోనే చెడిపోలేదా?" మంచి ప్రశ్న. నిజమే, ఎక్కువ వోల్టేజీ వల్ల ఆ తరాల్లోని డెస్క్‌టాప్ చిప్పులు కొన్ని చెడిపోయాయి. 2024లో ఇంటెల్ దిద్దుబాటు ఇచ్చి వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. కానీ ఆ కథ ఏం చెబుతోంది? అంకెల పోటీలో చిప్‌ని అంచుకు తోస్తే కంపెనీ చేసినా చెడుతుందని. మనం చేస్తే చెడదా? పైగా అక్కడ వారంటీ ఇచ్చేవాడున్నాడు. పదిహేనేళ్ల సెకండ్ హ్యాండ్ చిప్‌కి వారంటీ ఎవరిస్తారు? మనం అనుకుంటున్న 12100 పన్నెండో తరం, ఆ రోగం దానికి లేదు.

"పాతవి వాడితే చెత్త తగ్గుతుంది, పొదుపు మన రక్తంలో ఉంది." ఒప్పుకుంటా. అందుకే మన ఆఫీసు గదిలో ఉన్న రెండు పాత సెట్లను పారేయొద్దంటున్నా. వాటికి ఎస్‌ఎస్‌డీ వేసి, కంపెనీ వేగంతోనే నడిపితే రసీదులు, లైబ్రరీ లెక్కలు హాయిగా చేస్తాయి. ఉన్న పాతదాన్ని వాడుకోవడం పొదుపు. పాతదాన్ని కొత్తగా కొని, దాని మిగిలిన ఆయుష్షును వోల్టేజీతో కాల్చడం పొదుపు కాదు.

"పిల్లలు ఓవర్‌క్లాకింగ్ చూసి నేర్చుకుంటారు." నేర్పండి. ఒక్క పాత సెట్ పక్కన పెట్టి ఆదివారం పాఠం పెట్టండి. గుణకం అంటే ఏమిటో, వోల్టేజీ పెంచితే ఏమవుతుందో చూపించండి. మొదటి బెంచీలో నేను కూర్చుంటా. పాఠానికి ఒక్క సెట్ చాలు, ఎనిమిది అక్కర్లేదు.

అయిదుకీ ఎనిమిదికీ మధ్య ముగ్గురు పిల్లలు

ఇక మూడో ముక్క. ఎనిమిది కంటే అయిదు తక్కువ. మూడు కుర్చీలు తగ్గితే ప్రతి బ్యాచ్‌లో ముగ్గురు పిల్లలు బయట ఆగుతారు. ఈ మాట తేలిక కాదు. వేగం గురించి ఎంత రాసినా కుర్చీ దొరకని పిల్లకు అది సమాధానం కాదు.

నా సమాధానం ఇది. అన్ని కుర్చీలకూ ఒకే యంత్రం ఎందుకు? స్కానింగు, అక్షర మార్పిడి, డిజైన్ పనులకు మూడు 12100 సెట్లు చాలు. మిగతా అయిదు కుర్చీలకు ఇంటెల్ ఎన్100 ఉన్న చిన్న పెట్టెలు చూడండి. 2023లో వచ్చిన చిప్, ధర 12100 సెట్ కంటే బాగా తక్కువ. కంపెనీ రాసిన అంకె 6 వాట్లు. వాడకంలో అంతకంటే ఎక్కువే తింటుంది, అయినా పెట్టె మొత్తం కలిపి ఒక పాత అరవై వాట్ల బల్బు అంత కూడా కాదు. ఒక్క కోర్ పనిలో అది 4.5 గిగాహెర్ట్జ్ 2600కెకి దాదాపు సరిసమానంగా నిలబడుతుంది. అన్ని కోర్లూ వాడే భారీ పనుల్లో 2600కెదే పైచేయి, అది దాచను. కానీ టైపింగు, ఫారాలు, పాఠాల వీడియోలకు ఎన్100 ధారాళంగా సరిపోతుంది. విండోస్ 11 అధికారికంగా నడుస్తుంది, వీడియో విప్పే భాగం ఉంది, కరెంటు పోయినప్పుడు చిన్న యూపీఎస్ మీద కూడా పిల్లలు రాసింది సేవ్ చేసుకునేంత సమయం ఆగుతుంది.

ఆ లెక్కతో ఎనిమిది కుర్చీలు నిండుతాయని నా అంచనా. నా అంచనా నమ్మొద్దు. రెండు దుకాణాల నుంచి రాతపూర్వకంగా ధరలు తెప్పించి సమావేశంలో బల్ల మీద పెడదాం. ఒకటి రెండు కుర్చీలకు పైసలు తగ్గితే వాటికి నా వంతు చందా ముందే చెబుతున్నా.

అసలు గొడవ

నన్ను అన్నింటికంటే ఎక్కువ కలవరపెట్టింది వాట్లు కాదు. ప్రతిపాదనలో ఒక వాక్యం ఉంది: "సెట్టింగులు నేను చూసుకుంటా." తమ్ముడి మనసు మంచిది, ఆ మాట మనస్ఫూర్తిగా అన్నాడు. కానీ మన పిల్లలు చదువు అయ్యాక ఎక్కడికి పోతున్నారో మనకు తెలుసు. పూణే, హైదరాబాద్, ముంబయి. రేపు అతనికి మంచి ఉద్యోగం రావాలనే కదా మనం కోరుకునేది. ఆ రోజు ఎనిమిది చిప్పులకు ఎనిమిది వోల్టేజీలు, ఒక్కోదానికి ఒక్కో గుణకం, బోర్డు బ్యాటరీ అయిపోతే సెట్టింగులన్నీ మళ్లీ మొదటికి. ఎవరు చూస్తారు? ఒకే మోడల్ చిప్పులు రెండు ఒకే వోల్టేజీ దగ్గర ఒకలా ప్రవర్తించవని అతనికే బాగా తెలుసు.

మన పెద్దల కార్ఖానాలు ఎన్ని మూతపడలేదు, జాబర్ వెళ్లిపోయాడని? సాంచా గుట్టు ఒక్కడి చేతిలో ఉంటే యజమాని కూడా అతని తలుపు ముందు నిలబడాలి. సంఘం వస్తువు అలా ఉండకూడదు. తెలిసినవాడు ఊళ్లో లేనిరోజు కూడా, పదో తరగతి పిల్ల వచ్చి బటన్ నొక్కితే వెలగాలి. పాడైతే వీధి చివర దుకాణంవాడు బాగుచేయగలగాలి. స్టాక్ వేగం గొప్పదనం అక్కడుంది. అది ఎవరి పేరు మీదా ఉండదు.

ఆదివారం నేను పెట్టే తీర్మానాలు ఇవి:

1. సంఘం నిధులతో ఓవర్‌క్లాక్ చేసిన, లేదా ఓవర్‌క్లాక్ చేయడం కోసం పాత సెట్లు కొనకూడదు.
2. గదిలోని ప్రతి కంప్యూటర్ కంపెనీ వేగంతోనే నడవాలి.
3. మూడు 12100, అయిదు ఎన్100 లెక్కకు, ఎనిమిది పాత సెట్ల లెక్కకు రాతపూర్వక ధరలు, నెల కరెంటు అంచనాతో సహా పక్కపక్కన పెట్టాకే ఓటు.
4. స్కాన్ చేసిన ప్రతి పుటకూ రెండు కాపీలు, రెండు వేర్వేరు చోట్ల.
5. ఓవర్‌క్లాకింగ్ పాఠాలకు ఒక పాత సెట్, దాని బాధ్యత యువజన విభాగానికి.

అయిదోది మాట వరసకు పెట్టింది కాదు. ఆ తమ్ముడి చేతిలో విద్య ఉంది, అది పిల్లలకు అందాలి. కాకపోతే అతని విద్య మన పిల్లల పరీక్ష ఫారం మీద ప్రయోగం కాకూడదు.

ఆదివారం పొద్దున పది గంటలకు హాలుకు రండి. నా లెక్కల్లో ఎక్కడైనా తేడా కనిపిస్తే అంకెలతో రండి. ఫోన్‌లో ఓటు చెల్లదు, గుర్తుంచుకోండి.